అనుచరుల లెక్కకు దొంగ తూనికరాళ్లు

కొలత తప్పితే పని మొత్తం తప్పుతుందన్న ఎరుక మీద నిలబడిన పారిశ్రామికవాడ బాలానగర్. పనిముట్ల రూపకల్పనలో శిక్షణ ఇచ్చేందుకు 1968లో ఇక్కడ నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, విమానాలకు ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ విభాగం, అంతరిక్ష, అణుశక్తి కార్యక్రమాలకు విడిభాగాలు అందించే ఎంటార్ సంస్థ, వాటి చుట్టూ గల్లీల్లో అల్లుకున్న లేత్ షెడ్లు, ఇవన్నీ గేజీ చూపిన అంకెను నమ్మి నడిచేవే. ఆ గేజీయే అబద్ధం చెబితే, ఆ తరువాత ఎంత నేర్పుగా చేసిన పనైనా వ్యర్థమే అవుతుంది. ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభంతో రూపుదిద్దుకున్న హైటెక్ సిటీ పరిసరాల్లో ఇప్పుడు మరొక కొలత మీద వ్యాపారం సాగుతోంది. ఒక సామాజిక మాధ్యమ ఖాతాను ఎంతమంది అనుసరిస్తున్నారో చెప్పే అంకె అది. దాని ఆధారంగా ప్రకటనల సొమ్ము చేతులు మారుతోంది, సినిమాల, రాజకీయ నాయకుల పలుకుబడి అంచనా వేయబడుతోంది, అపరిచితుడిని నమ్మాలా వద్దా అని సామాన్యుడు తేల్చుకుంటున్నాడు. అయితే ఈ గేజీని పరీక్షించి ముద్ర వేసే శాఖ ఏదీ లేదు.

ఫాలోవర్, అంటే అనుచరుడు, అన్న మాటకు అసలు అర్థం చాలా చిన్నది. ఒక ఖాతాలో వెలువడే విషయాలు తన తెరపై కనిపించాలని కోరుకున్న మరొక ఖాతాదారుడు, అంతే. ఆ కోరికల మొత్తాన్ని బహిరంగంగా అంకె రూపంలో ప్రదర్శించడం మొదలైనప్పటి నుంచి దాని స్వభావం మారింది. ఎక్కువమంది అనుసరిస్తున్న ఖాతాను మాధ్యమపు గణన పద్ధతి మరింత మందికి చూపించడం, చూసినవారు ఆ అంకెకే ఆకర్షితులై చేరడం, చేరినవారిని చూపి ఖాతాదారుడు ప్రకటనకు ధర పెంచడం అనే చక్రం ఏర్పడింది. మొదటి మెట్టు ఎక్కడమే కష్టం కనుక, ఆ మెట్టును కొనుక్కోవాలన్న ఆశ కూడా అక్కడే పుట్టింది.

ఆ ఆశను తీర్చేందుకు వచ్చినవే స్వయంచాలక అనుచర సాధనాలు. ఇవి మనిషి చేయవలసిన నొక్కుళ్లను మనిషి బదులు చేసే చిన్న ప్రోగ్రాములు. ఒక సాఫ్ట్‌వేర్ మరొక సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడేందుకు ఏర్పరచిన ద్వారాన్ని ఏపీఐ అంటారు. ట్విటర్ తొలినాళ్లలో ఈ ద్వారం దాదాపు బార్లా తెరిచి ఉండేది. ఒక పదాన్ని ఇస్తే చాలు, ఆ పదం వాడిన వారందరినీ సాధనం వరుసగా అనుసరించేది, రెండు మూడు రోజులు ఆగి, తిరిగి అనుసరించని వారిని జాబితా నుంచి తొలగించేది, మళ్లీ కొత్తవారి వెంట పడేది. చేనేత చీరలు అమ్ముకునే చిన్న దుకాణం చీరల గురించి మాట్లాడుకునే వారిని ఈ విధంగా వెతుక్కోవడంలో పెద్ద దోషం లేదు. స్పామర్, అంటే అడగనివారికి మూకుమ్మడిగా ప్రకటనలో మోసపు లింకులో పంపేవాడు, గ్రహించిన విషయం వేరు. 'ఫలానావారు మిమ్మల్ని అనుసరిస్తున్నారు' అన్న సూచన అవతలివారి ఫోనులో మోగడమే ఒక ఉచిత ప్రకటన, అది చూసి కుతూహలంతో ఖాతాను తెరిచినవాడికి అక్కడ లింకు సిద్ధంగా ఉంటుంది. ఒక్క సందేశమైనా పంపకుండానే లక్షమంది తలుపు తట్టవచ్చు. వందల ఖాతాలను ఒకే సాధనానికి తగిలిస్తే ఆ తట్టుడు ఆగదు.

మాధ్యమాలు దీన్ని గుర్తించకపోలేదు. రెండు వేల ఖాతాలను అనుసరించిన తరువాత, తనను అనుసరించేవారి సంఖ్యకు తగిన నిష్పత్తిలోనే ముందుకు సాగాలన్న పరిమితిని ట్విటర్ తొలి దశలోనే పెట్టింది. అనుసరించినవారిని యాంత్రికంగా తిరిగి అనుసరించే సాధనాలను 2013లో నిషేధించింది, రోజుకు వెయ్యిగా ఉన్న అనుసరణల పరిమితిని 2019 ఏప్రిల్‌లో నాలుగు వందలకు తగ్గించింది. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2018 నవంబరులో, బయటి సాధనాల ద్వారా వచ్చిన కృత్రిమ లైకులను, అనుసరణలను తొలగిస్తామని ప్రకటించింది. ప్రతి పరిమితికీ ఒక విరుగుడు వెంటనే పుట్టింది: ఒక ఖాతా వేగం తగ్గించి, ఖాతాల సంఖ్య పెంచడం.

ఈ సమస్యను మర మనుషుల దాడిగా మాత్రమే చూడడం సగం నిజం. మిగిలిన సగాన్ని 2012లో ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన సప్తర్షి ఘోష్, నీలోయ్ గంగూలీ, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన కృష్ణ గుమ్మడి తదితరులు వెలువరించిన అధ్యయనం బయటపెట్టింది. ట్విటర్ సస్పెండ్ చేసిన నలభై వేలకు పైగా స్పామ్ ఖాతాలను పరిశీలించి, వాటిని అసలు ఎవరు అనుసరించారని వారు వెతికారు. అమాయకులో, తోటి స్పామర్లో ఎక్కువగా ఉంటారని ఎవరైనా ఊహిస్తారు. తేలింది మరొకటి. ఆ అనుసరణలలో అధిక భాగం చురుకైన, పేరున్న, నిజమైన ఖాతాదారులలోని ఒక చిన్న వర్గం నుంచే వచ్చింది. తమను ఎవరు అనుసరించినా మర్యాదగా తిరిగి అనుసరించి, ఆ విధంగా తమ సంఖ్యను పెంచుకునే ఆ వర్గానికి పరిశోధకులు సామాజిక పెట్టుబడిదారులు అని పేరు పెట్టారు. స్పామర్ చేసిందల్లా ఆ మర్యాదను పసిగట్టి, దాన్ని యంత్రంతో పిండుకోవడమే.

తెలుగు సామాజిక మాధ్యమాలను ఎరిగినవారికి ఈ వర్గం కొత్తదేమీ కాదు. 'ఫాలో చేస్తే ఫాలో బ్యాక్ ఇస్తాం' అన్న ఒప్పందం సినీ అభిమానుల ఖాతాల మధ్య ఏళ్లుగా నడుస్తున్నది. 2020లో తారల పుట్టినరోజుల నాడు హ్యాష్‌ట్యాగుల పోటీలో కోట్ల సంఖ్యలో ట్వీట్లు కురిసినప్పుడు, అదంతా బాట్ల పని అని, అంటే ప్రోగ్రాములు నడిపే ఖాతాల పని అని, తేలికగా కొట్టిపారేసినవారున్నారు. ఆ తీర్పు అభిమానులకు అన్యాయం చేసింది. రాత్రంతా మేలుకొని ఒకే వాక్యాన్ని మార్చి మార్చి రాసిన కుర్రవాడి ఉత్సాహం వివేకవంతమైనదా కాదా అన్నది వేరే చర్చ, అది మాత్రం కచ్చితంగా మనిషి ఉత్సాహమే. అసలు ప్రమాదం, అంత పెద్ద ఎత్తున పరస్పరం అల్లుకున్న ఆ ఖాతాల వలలోకి ఎవరైనా ఒక నటుడి బొమ్మ పెట్టుకుని సులువుగా చేరిపోగలగడం, వారం తిరిగేసరికి వేలమంది అనుచరులను పోగుచేసుకుని, పేరు మార్చి, బొమ్మ మార్చి, ఆ ఖాతాను మరొకరికి అమ్మేయగలగడం.

మర్యాదను పిండుకోవడం కన్నా లోతైన మరొక పద్ధతి ఉంది. ఉచితంగా లైకులు, అనుచరులు ఇస్తామని చెప్పే సైట్లు బదులుగా డబ్బు అడగవు, ఖాతాలోకి ప్రవేశం అడుగుతాయి. పాస్‌వర్డ్ ఇవ్వనక్కరలేకుండా, ఒక అనువర్తనం తన తరఫున పనులు చేసేందుకు ఖాతాదారుడు ఇచ్చే తాళపు చెవి వంటి సంకేతాన్ని టోకెన్ అంటారు. ఆ టోకెన్లను పోగుచేసి, ఒకరి ఖాతాతో మరొకరికి లైకులు కొట్టించే కుమ్మక్కు వలయాలు ఫేస్‌బుక్‌లో ఎలా పనిచేస్తున్నాయో 2017లో ఒక పరిశోధక బృందం వాటిలో చేరి మరీ నిరూపించింది. పది లక్షలకు పైగా ఖాతాలు వాటి అధీనంలో ఉన్నట్లు, పేరున్న సంస్థల అనువర్తనాలలోని భద్రతా లోపమే వాటికి దారి ఇచ్చినట్లు తేలింది. కొన్నాళ్లు ఫేస్‌బుక్‌లో డేటా శాస్త్రవేత్తగా పనిచేసి, కృత్రిమ స్పందనల వ్యవహారాన్ని 2020, 2021 సంవత్సరాలలో లోకానికి వెల్లడించిన సోఫీ జాంగ్ చెప్పినదాని ప్రకారం, ఈ విధంగా తన ఖాతాను తానే అప్పగించే అలవాటు భారతదేశంలో విస్తృతంగా ఉంది. అప్పగించినవాడు నేరస్థుడు కాడు, తన ఫోటోకు నాలుగు లైకులు ఎక్కువ రావాలని ఆశపడిన మామూలు మనిషి. అతని అసలు పేరు, అసలు బొమ్మ, అసలు స్నేహితులు ఉన్న ఖాతాయే మరొకరి అబద్ధానికి సాక్ష్యం పలుకుతుంది కనుక, దాన్ని బాట్‌గా పట్టుకోవడం ఏ యంత్రానికైనా కష్టమే.

అమ్మకపు బజారు ఇప్పుడు ఎస్ఎంఎం ప్యానెల్ అన్న పేరుతో నడుస్తోంది. సోషల్ మీడియా మార్కెటింగ్‌కు పొడి అక్షరాలైన ఆ పేరు గల సైటులో, కిరాణా జాబితా మాదిరిగా వెయ్యి అనుచరులకు ఇంత, వెయ్యి వ్యూలకు ఇంత అని ధరలు ఉంటాయి. ఒక ప్యానెల్ నుంచి మరొకటి ఏపీఐ ద్వారా టోకుగా కొని చిల్లరగా అమ్ముతుంది కనుక, కొన్నవాడికి అసలు తయారీదారు ఎవరో తెలియదు, చిల్లర అమ్మకందారుకే తెలియకపోవచ్చు. కొన్న అనుచరులు కొద్ది రోజులకు రాలిపోవడాన్ని డ్రాప్ అంటారు, రాలిన మేరకు మళ్లీ నింపుతామన్న హామీని రీఫిల్ అంటారు, అనుమానం రాకుండా అంకెను రోజుకు కొంచెం చొప్పున పెంచడాన్ని డ్రిప్ ఫీడ్ అంటారు. బిందు సేద్యానికి రైతులు వాడే మాటే ఈ పనికీ వచ్చి చేరింది.

ఈ బజారును పరిశోధకులు పట్టించుకోవడం కొత్త కాదు. కొనుగోలు చేసిన ట్విటర్ అనుచరుల స్వభావాన్ని అనుపమ అగర్వాల్, పొన్నురంగం కుమారగురు 2014లోనే అధ్యయనం చేశారు. అప్పట్లో ఢిల్లీలో పనిచేసిన కుమారగురు ఆ తరువాత గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు ఆచార్యుడిగా వచ్చారు. నాటో అనుబంధంగా లాట్వియాలోని రీగాలో ఉన్న వ్యూహాత్మక సమాచార కేంద్రం 2019లో 300 యూరోలు ఖర్చుపెట్టి 3,530 వ్యాఖ్యలు, 25,750 లైకులు, 20,000 వ్యూలు, 5,100 మంది అనుచరులను కొని చూసింది. నాలుగు వారాల తరువాత కూడా వాటిలో ప్రతి అయిదింటికీ నాలుగు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అమెరికాలో దేవుమి అనే సంస్థ వ్యాపారాన్ని న్యూయార్క్ టైమ్స్ 2018 జనవరిలో బయటపెట్టినప్పుడు, దాదాపు ముప్పై అయిదు లక్షల యాంత్రిక ఖాతాల నిల్వను తిప్పి తిప్పి అమ్మి, ఆ సంస్థ ఖాతాదారులకు ఇరవై కోట్ల మంది అనుచరులను సరఫరా చేసిందన్న సంగతి తెలిసింది. ఆ ఖాతాలలో వేలాది ఖాతాలు నిజమైన మనుషుల పేర్లను, బొమ్మలను దొంగిలించి చేసినవి కావడం ఆ కథనంలో అన్నింటికన్నా కలవరపరచిన అంశం.

సైబరాబాద్‌కు ఈ వ్యవహారంలో ఉన్న స్థానం ప్రత్యేకమైనది. ఫేస్‌బుక్ భారతదేశంలో తన తొలి కార్యాలయాన్ని 2010లో తెరిచింది హైదరాబాద్‌లోనే. ఆ మాధ్యమంలోకి వచ్చే అభ్యంతరకర విషయాలను పరిశీలించి తొలగించే పనిని గుత్తకు తీసుకున్న జెన్‌ప్యాక్ట్ సంస్థలో వెయ్యికి పైగా ఉద్యోగులు ఇక్కడ పనిచేస్తున్నారని, ఒత్తిడి, తక్కువ జీతాల గురించి వారిలో కొందరు ఆవేదన చెందుతున్నారని రాయిటర్స్ 2019 ఫిబ్రవరిలో రాసింది. విప్రోలో 260 మంది వరకూ ఫేస్‌బుక్ పోస్టులకు కృత్రిమ మేధ శిక్షణ కోసం గుర్తులు వేసే పనిలో ఉన్నారని అదే ఏడాది మే నెలలో వెల్లడించింది. లోకం పోగుచేసిన చెత్తను ఊడ్చే చేతులలో కొన్ని ఈ నగరానివే, వాటికి దక్కే గుర్తింపు బహు తక్కువ.

అనుచరుల అంకె అబద్ధమైతే ఎవరికి నష్టమని అడిగేవారికి హైదరాబాద్ పోలీసులు 2023 జులైలో వెల్లడించిన కేసు సమాధానం చెబుతుంది. ఇంట్లో కూర్చుని చేసే పార్ట్‌టైమ్ పని అని టెలిగ్రామ్‌లో ఆశ చూపి, రేటింగులు, సమీక్షలు ఇచ్చే చిన్న చిన్న టాస్కులతో మొదలుపెట్టి, ఆ తరువాత పెట్టుబడుల పేరిట దేశవ్యాప్తంగా పదిహేను వేల మంది నుంచి 712 కోట్ల రూపాయలు కాజేసిన వ్యవహారమది. తొమ్మిది మంది అరెస్టయ్యారు. ఈ తరహా మోసం అన్ని చోట్లా ఒకే క్రమంలో నడుస్తుంది. వీడియోకు లైకు కొడితే యాభై రూపాయలు, ఖాతాను ఫాలో అయితే మరికొంత అని చెప్పి, మొదటి రెండు మూడు రోజులు నిజంగానే సొమ్ము జమ చేస్తారు. చదువుకున్నవారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా దీన్ని నమ్మడాన్ని అత్యాశగా కొట్టిపారేయడం సరికాదు. లైకులకూ అనుసరణలకూ బజారులో నిజంగానే ధర ఉందని ప్రతివారికీ తెలుసు కాబట్టే, ఆ పనికి ఎవరో కూలి ఇస్తారన్న మాట నమ్మదగినదిగా వినిపిస్తుంది. దొంగ అనుచరుల వ్యాపారం లేకపోతే ఈ మోసానికి ముఖద్వారమే ఉండేది కాదు. దానికి తోడు, బాధితుడు చేరే గుంపులోని వందలాది సభ్యులు, నిర్వాహకుడి ఖాతాకు ఉన్న వేలాది అనుచరులు, లాభం వచ్చిందంటూ పెట్టే కృతజ్ఞతలు, ఇవన్నీ అదే ప్యానెల్ బజారులో దొరికే సరుకులే.

అంకె నిజమైనదైనప్పుడు కూడా అది ఎంతటి ఆయుధమో బెట్టింగ్ యాప్‌ల వ్యవహారం చూపింది. 2017 నుంచే తెలంగాణలో ఆన్‌లైన్ జూదం నిషిద్ధమైనా, ఆ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఫిర్యాదుపై 2025 మార్చిలో సైబరాబాద్ పరిధిలోని మియాపూర్ పోలీసులు సినీ తారలు, యూట్యూబర్లు సహా 25 మందిపై కేసు నమోదు చేశారు. ఆ వ్యక్తుల బాధ్యతను న్యాయస్థానాలు తేల్చాలి. అయితే అనుచరగణం ఎంత పెద్దదైతే యాప్ యజమాని అంత ఎక్కువ చెల్లించే బజారులో, పెద్దగణం లేని కొత్త యూట్యూబర్ దాన్ని కొనుక్కోవాలని ఎందుకు ఆశపడతాడో ఊహించడం కష్టం కాదు. నిజాయితీగా నెలల తరబడి వీడియోలు చేసి పదివేల మందిని సంపాదించుకున్న గ్రామీణ కళాకారిణి, మూడు రోజుల్లో లక్ష కొన్నవాడి ముందు ప్రకటనదారుకు కనిపించకుండా పోతుంది. ఈ అన్యాయం పోలీసు లెక్కలలోకి ఎక్కదు.

నకిలీ ఖాతాల వెనుక ఉన్న మనుషులందరూ దోషులేనా అన్న ప్రశ్నను విశాఖపట్నం మరింత క్లిష్టం చేసింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి కంబోడియాకు తరలించిన తెలుగు యువకులను అక్కడ నిర్బంధించి, దొంగ పేర్లతో ఖాతాలు నడిపించి, భారతీయులనే మోసగించేలా బలవంతపెట్టిన వైనాన్ని విశాఖ నగర పోలీసులు 2024 మేలో వెలుగులోకి తెచ్చారు.

చట్టం విషయానికి వస్తే, సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షన్ ఇతరుల గుర్తింపును దొంగిలించడాన్ని, 66డి సెక్షన్ కంప్యూటర్ సాయంతో మారువేషంలో మోసగించడాన్ని శిక్షిస్తాయి. ఈ రెండింటికీ మోసపోయినవారో, పేరు పోగొట్టుకున్నవారో ఉండాలి. ఎవరి పేరూ దొంగిలించకుండా, ఎవరి సొమ్మూ నేరుగా కాజేయకుండా, కేవలం వెయ్యి అనుచరులను ఇంత ధరకు అమ్మడాన్ని పేరుపెట్టి నేరమన్న నిబంధన లేదు. అడగని వాణిజ్య సందేశాలపై టెలికాం నియంత్రణ సంస్థ 2018లో తెచ్చిన నిబంధనలు ఫోను కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు పరిమితం. సామాజిక మాధ్యమాలలో ప్రచారం చేసేవారికి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రధానంగా తీసుకున్న ప్రతిఫలాన్ని వెల్లడించమన్నాయి. ఆ ప్రతిఫలాన్ని నిర్ణయించిన అంకె నిజమా కాదా అన్న ప్రశ్న వాటి కేంద్రంలో లేదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో అమలులోకి తెచ్చిన నియమం, వాణిజ్య ప్రయోజనం కోసం నకిలీ అనుచరులను తెలిసి అమ్మడాన్ని, తెలిసి కొనడాన్ని కూడా నిషేధించింది. కొనుగోలుదారుణ్ణి చేర్చడంలోనే ఆ నియమపు బలం ఉంది.

ఇక్కడ ఒక పాత చట్టం దారి చూపుతుంది. తూనికలు కొలతల చట్టం కింద ప్రమాణానికి నిలవని రాయి దుకాణంలో వాడడమే తప్పు, దానితో ఫలానా వ్యక్తికి ఇన్ని గ్రాములు తగ్గాయని నిరూపించనక్కరలేదు. వాణిజ్యంలో వాడే అనుచరుల సంఖ్యను కూడా కొలతగానే పరిగణిస్తే, బాధితుడి కోసం వెతకవలసిన అవసరం తీరుతుంది. తక్కెడ యజమాని, అంటే మాధ్యమ సంస్థ, బాధ్యత కూడా స్పష్టమవుతుంది. యాభై లక్షలకు మించిన వాడుకదారులున్న మాధ్యమాలపై 2021 నాటి నిబంధనలు ఇప్పటికే అదనపు బాధ్యతలు మోపాయి. ఎన్ని నకిలీ అనుసరణలను తొలగించారో భాషల వారీగా, నియమిత కాలానికి ఒకసారి ప్రకటించాలన్న నియమం వాటికి చేర్చడం అసాధ్యమేమీ కాదు.

అదే సమయంలో, స్వయంచాలకతనే నేరంగా చూసే తొందరపాటును అడ్డుకోవాలి. వరద హెచ్చరికలు పంపే ఖాతాలు, బస్సుల వేళలు చెప్పే ఖాతాలు, చూపులేనివారికి బొమ్మలను వర్ణించి చెప్పే సాధనాలు కూడా బాట్లే. పైగా, అస్పష్టమైన మాటలతో రాసిన చట్టం ఎవరి చేతుల్లో ఎలా తిరుగుతుందో 66ఎ సెక్షన్ అనుభవం చెప్పింది, సుప్రీంకోర్టు 2015 మార్చిలో దాన్ని కొట్టివేయవలసి వచ్చింది. ప్రభుత్వాన్ని విమర్శించే ఖాతాల అనుచరులను మాత్రమే నకిలీలని తేల్చే అధికారం ఏ శాఖకూ దక్కకూడదంటే, లెక్క తేల్చేవారు ప్రభుత్వానికీ మాధ్యమ సంస్థకూ కూడా బయట ఉండాలి.

అటువంటివారు విశ్వవిద్యాలయాలలో ఉన్నారు, వారి చేతికి అందవలసిన డేటా మాత్రం మూసుకుపోతోంది. పరిశోధకులు ఏళ్ల తరబడి వాడుకున్న ఉచిత ఏపీఐని ఆపేస్తున్నట్లు ట్విటర్ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. పోస్టుల వ్యాప్తిని గమనించేందుకు ఉపయోగపడిన క్రౌడ్‌టాంగిల్‌ను ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2024 ఆగస్టులో మూసివేసింది. 2012లో ఖరగ్‌పూర్‌లో, 2014లో ఢిల్లీలో చేయగలిగిన అధ్యయనాలను ఇవాళ గచ్చిబౌలిలో మళ్లీ చేయాలంటే సంస్థల దయ మీద ఆధారపడాలి. ఐరోపా సమాఖ్య తన డిజిటల్ సేవల చట్టంలో పరిశోధకులకు డేటా పొందే హక్కు కల్పించింది. ధ్రువీకరణ గుర్తును డబ్బుకు ఇచ్చి వాడుకదారులను తప్పుదోవ పట్టించడంతో పాటు పరిశోధకులకు డేటా ఇవ్వకపోవడాన్ని కూడా తప్పుగా చూపుతూ, ట్విటర్ కొత్త అవతారమైన ఎక్స్‌పై 2025 డిసెంబరులో 12 కోట్ల యూరోల జరిమానా విధించింది. భారతీయ నిబంధనలలో ఆ హక్కుకు సమానమైనది లేదు. తెలుగులో నడిచే ఒక వార్తా పేజీనో, ఒక నాయకుడి ఖాతానో అనుసరిస్తున్నవారిలో మనుషులెందరన్న ప్రశ్నకు సమాధానం ప్రస్తుతానికి ఆ మాధ్యమ సంస్థ సర్వర్లలో మాత్రమే ఉంది, దాన్ని అడిగి తీసుకునే అధికారం తెలుగు రాష్ట్రాలలోని ఏ పరిశోధనాలయానికీ లేదు.